ఒక్క టార్చ్ లైట్ సొంతంగా చేసి చూడండి.. ఆ తర్వాతే ఫోన్ స్పెక్స్ గురించి మాట్లాడుకుందాం

ఈ సైట్‌కి రోజూ వచ్చేవాళ్లకు 6000 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే ఏంటో, 80 వాట్ల ఛార్జింగ్ అంటే ఏంటో కొత్తగా చెప్పక్కర్లేదు. ఏ చిప్‌సెట్‌లో ఏ ఫోన్ వేడెక్కుతుందో కూడా మీకు నోటికొచ్చు. కానీ చిన్న ప్రశ్న అడుగుతా. తెల్లటి ఎల్ఈడీ ఒక్కటి వెలగాలంటే ఎన్ని వోల్ట్లు కావాలి? రెండు పెన్ సెల్లులు పెడితే వెలుగుతుందా? వెలిగితే ఎంతసేపు?

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. అందులో తప్పేం లేదు, మనకి ఎవరూ చేయించలేదు. పదో తరగతిలో ఓమ్ నియమం చదివాం, లెక్కలు చేశాం, మార్కులు తెచ్చుకున్నాం, వదిలేశాం. నా అభిప్రాయం అయితే ఇది: వంద అన్‌బాక్సింగ్ వీడియోలు చూసినా రాని తెలివి, ఒక్క ఎల్ఈడీ టార్చ్ సొంతంగా చేస్తే వస్తుంది. అదీ కాక, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు ఉండేవాళ్లకి ఇది సరదా ప్రాజెక్ట్ మాత్రమే కాదు. ఇంట్లో రోజూ పనికొచ్చే వస్తువు.

ఫోన్‌లో ఫ్లాష్ ఉందిగా, మళ్లీ ఇదెందుకు అంటారా?

మంచి ప్రశ్నే. నల్గొండ రోడ్డు మీద బండి పంక్చరైతే ఫోన్ లైట్ చాలు. కానీ మన ఏరియాలో రాత్రి పూట లైటుతో పని ఎవరికి ఎక్కువ? పొలం వాళ్లకి. నాగార్జునసాగర్ ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ దాకా వరే వరి. కాల్వకు నీళ్లు వంతుల వారీగా వదిలితే, మీ వంతు పగలే వస్తుందని గ్యారంటీ లేదు. మడవ తిప్పడానికి రాత్రి రెండు గంటలకైనా పోవాల్సిందే. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంట్ ఇవ్వడం మొదలయ్యాక, మోటర్ కోసం అర్ధరాత్రి బాయి కాడికి పోయే బాధ తగ్గింది. అంతకు ముందు తరం వాళ్లని అడగండి, రాత్రి కరెంట్ కథలు ఒక్కొక్కరి దగ్గర పదేసి ఉంటాయి. కానీ స్టార్టర్ ట్రిప్ అయితే, ఫ్యూజ్ పోతే, అడవి పందులు మక్కచేన్లో పడితే ఇప్పటికీ చీకట్లో పోవాల్సింది వాళ్లే.

చీకట్లో గట్టు మీద ఏముంటుందో అందరికీ తెలుసు. 2020లో ఈలైఫ్ అనే సైన్స్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం ప్రకారం, 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారు. సగటున ఏడాదికి 58,000 మంది. ఎక్కువ భాగం పల్లెల్లోనే. అందులో సగం జూన్ నుంచి సెప్టెంబర్ మధ్యలో, అంటే సరిగ్గా మన వానాకాలం నాట్ల సీజన్‌లో. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల లిస్టులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. గట్టు మీద చుట్టుకొని ఉన్న రక్తపింజర కనిపించాలంటే అడుగు ముందు వెలుతురు పడాలి. దానికి కావాల్సింది ఓ మోస్తరు లైటు, అంతే. కాకపోతే అది ప్రతిరోజూ వెలగాలి.

ఫోన్ ఆ పని చేయదని కాదు, చేస్తుంది. బురద చేతులతో స్క్రీన్ తెరుచుకోదు, కాల్వ గట్టు మీద జారితే పద్దెనిమిది వేల ఫోన్ నీళ్లపాలు, అదీ తక్కువ ఛార్జింగ్ ఉన్న రోజే ఎక్కువ పని పడుతుంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో కురిసిన వాన గుర్తుందా? కోదాడలో కాలనీలు మునిగాయి, నడిగూడెం మండలంలో ఎడమ కాల్వకే గండి పడింది. అలాంటి రాత్రి కరెంట్ పోతే ఫోన్‌లో మిగిలిన 20 శాతం ఛార్జింగ్‌ని లైటుకి ఖర్చు పెడతారా, మనవాళ్లకు కాల్ చేయడానికి దాచుకుంటారా? లైటుకి వేరే వస్తువు ఉండాలన్నది అందుకే.

మన ఊళ్లలో టార్చ్‌ని టార్చ్ అని ఎవరూ అనరు, బ్యాటరీ లైటు అంటారు. కొందరైతే ఉత్త బ్యాటరీ అనే అంటారు. 'సెల్లు' అన్న మాటకి ఫోన్ అన్న అర్థం రాకముందు అది టార్చ్‌లో వేసే సెల్లే. అప్పటి మూడు సెల్లుల స్టీలు లైటు ఇప్పటికీ చాలా ఇళ్లలో అటక మీద ఉంటుంది. అది తీసి దుమ్ము దులపండి, తర్వాత దాని సంగతి చెప్తా.

బజార్లో దొరికే ఛార్జింగ్ లైట్ల లోపల ఏముందో చూశారా?

ఇప్పుడు అందరూ కొనేది ప్లాస్టిక్ బాడీ రీఛార్జబుల్ లైటు. వెనక నుంచి రెండు పిన్నులు బయటికి జారతాయి, నేరుగా ప్లగ్‌లో గుచ్చేయడమే. చవక రకం ఒకటి పాడైతే స్క్రూలు తీసి చూడండి. చాలావాటిలో కనిపించేది 4 వోల్ట్ల చిన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ. అంటే మన ఇన్వర్టర్ బ్యాటరీకి చిన్న తమ్ముడు. దీనికి ఒక గుణం ఉంది. పూర్తిగా దిగిపోయాక అలాగే నెల రోజులు వదిలేస్తే లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది, మళ్లీ ఛార్జింగ్ ఎక్కదు. మనం టార్చ్‌ని ఎలా వాడతాం? ఆరిపోయేదాకా వాడి, మూలన పడేసి, మళ్లీ అవసరమైనప్పుడు వెతుకుతాం. ఆ బ్యాటరీకి ఇంతకంటే చెడ్డ అలవాటు లేదు. ఏడాదికో లైటు కొనాల్సి రావడం వెనక కథ ఇదే.

ఇంకోటి దీనికంటే సీరియస్. 230 వోల్ట్లని తక్కువ వోల్టేజ్‌కి దించడానికి ఫోన్ ఛార్జర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అది మెయిన్స్‌ని, మీ చేతిని వేరు చేసి ఉంచుతుంది. చవక టార్చ్‌ల్లో ఖర్చు తగ్గించడానికి ఒక కెపాసిటర్, నాలుగు డయోడ్లతో సరిపెడతారు. బ్యాటరీకి వోల్టేజ్ తక్కువే చేరుతుంది, కానీ సర్క్యూట్ మొత్తం మెయిన్స్‌కి కలిసే ఉంటుంది. ఛార్జింగ్‌లో ఉండగా బాడీ పగిలి లోపలి తీగ ముట్టుకుంటే షాక్ కొట్టేది 4 వోల్ట్లు కాదు, గోడలో ఉన్న కరెంటే. ప్లగ్ నుంచి తీశాక కూడా కెపాసిటర్‌లో ఛార్జ్ ఉండిపోవచ్చు. చిన్న పిల్లలున్న ఇంట్లో పగిలిన టార్చ్‌ని టేపు చుట్టి ఛార్జింగ్ పెడుతుంటే నాకు మనసొప్పదు. మంచి కంపెనీలు యూఎస్‌బీ ఛార్జింగ్‌తో లైట్లు తెస్తున్నాయి, అవి ఈ విషయంలో చాలా నయం.

సరే, మొదటి లైటు చేద్దాం

యూట్యూబ్‌లో 'ఐదు నిమిషాల్లో టార్చ్' వీడియోలు బోలెడు. వాటి మీద నాకో కంప్లైంట్ ఉంది. సగం వీడియోల్లో రెసిస్టర్ ఉండదు. 9 వోల్ట్ల బ్యాటరీకి ఎల్ఈడీ డైరెక్ట్‌గా అంటించి, గ్లూ గన్‌తో పూసి, మ్యూజిక్ వేసి వదిలేస్తారు. వీడియో అయ్యేదాకా వెలిగితే వాళ్లకి చాలు, మీకు చాలదు కదా.

కావాల్సినవి: మూడు పెన్ సెల్లులు, వాటికి హోల్డర్, 5 మిల్లీమీటర్ల తెల్ల ఎల్ఈడీ, 68 ఓమ్ రెసిస్టర్, చిన్న స్విచ్, కాస్త వైరు. సెల్లులు కాకుండా మిగతావన్నీ కలిపినా ఒక చాయ్-బిస్కెట్ పార్టీ ఖర్చు దాటదు. బాడీకి సబ్బు పెట్టె చాలు. సెల్ ప్లస్ నుంచి స్విచ్, స్విచ్ నుంచి రెసిస్టర్, రెసిస్టర్ నుంచి ఎల్ఈడీ పొడుగు కాలు, పొట్టి కాలు నుంచి సెల్ మైనస్. అయిపోయింది. ఎల్ఈడీని తిప్పి పెడితే వెలగదు, అంతే తప్ప ఈ వోల్టేజ్ దగ్గర కాలిపోదు.

68 ఎక్కడిది? అసలు విషయం ఇక్కడే ఉంది. తెల్ల ఎల్ఈడీకి సుమారు 3.2 వోల్ట్లు కావాలి, దాని గుండా 20 మిల్లీ యాంప్స్ కరెంట్ పోతే హాయిగా ఉంటుంది. మూడు సెల్లులంటే 4.5 వోల్ట్లు. మిగిలింది 1.3. దాన్ని 0.02తో భాగిస్తే 65. షాపులో 65 దొరకదు, 68 దొరుకుతుంది. పదో తరగతిలో చదివిన నియమం ఇప్పుడు మీ చేతిలో వెలుగుతోంది.

రెసిస్టర్ లేకపోతే ఏమవుతుంది? మామూలు పాత బల్బు వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరిగి తనని తానే కాపాడుకుంటుంది. ఎల్ఈడీ దానికి పూర్తిగా రివర్స్. వేడెక్కేకొద్దీ దానికి కావాల్సిన వోల్టేజ్ తగ్గుతుంది, కరెంట్ పెరుగుతుంది, ఇంకా వేడెక్కుతుంది. రెసిస్టర్ ఆ పరుగుకి కళ్లెం. అందుకే మూడు ఎల్ఈడీలు పెట్టుకుందామంటే మూడింటికీ కలిపి ఒకే రెసిస్టర్ వేయొద్దు, దేనికి దానికి ఒక 68 ఓమ్ వేయండి. ఒకే ప్యాకెట్‌లో వచ్చిన ఎల్ఈడీలకు కూడా వోల్టేజ్‌లో కొద్దిగా తేడా ఉంటుంది. తక్కువ వోల్టేజ్‌ది ఎక్కువ కరెంట్ లాగేసుకొని ముందు పోతుంది, తర్వాత మిగతావాటి మీద భారం పడుతుంది.

ఒక ఎల్ఈడీతో వచ్చే వెలుతురు ఐదారు ల్యూమెన్లు. తక్కువే. కానీ చీకటికి అలవాటు పడ్డ కంటికి కాళ్ల ముందు రెండడుగులు చూడ్డానికి అది పనికొస్తుంది. ఆల్కలైన్ సెల్ ఒకటి 2000 ఎంఏహెచ్ అనుకుంటే 20 మిల్లీ యాంప్స్ లెక్కన వంద గంటలు. మూడు ఎల్ఈడీలైతే ముప్ఫై గంటల పైన. చవక జింక్ సెల్లులైతే అందులో సగం కూడా రాకపోవచ్చు. పైగా సెల్లులు దిగేకొద్దీ వెలుతురు మెల్లమెల్లగా తగ్గుతుంది, టక్కున ఆరిపోదు. సెల్లు ఒక్కోటి 1.2 వోల్ట్లకు పడిపోయినా మసకగా వెలుగుతూనే ఉంటుంది. రివ్యూల్లో మనం దీన్ని మైనస్ పాయింట్ అని రాస్తాం, చివరిదాకా ఒకే బ్రైట్‌నెస్ ఇచ్చే లైటుకి మార్కులు ఎక్కువేస్తాం. పొలం మధ్యలో ఉన్న మనిషికి మాత్రం మసకబారడమే ముందస్తు వార్నింగ్. ఇంటికి పోయే టైమ్ ఇస్తుంది.

ఇంకో సంగతి. ఎల్ఈడీ ప్యాకెట్ మీద 15,000 ఎంసీడీ లాంటి నంబర్ ఉంటే ఎగిరి గంతేయొద్దు. అది మిల్లీ క్యాండెలా, ఒక దిక్కున వెలుతురు ఎంత గట్టిగా కొడుతుందో చెప్పే కొలత. మొత్తం వెలుతురు ఎంతో చెప్పదు. సన్నటి బీమ్ ఇచ్చే ఎల్ఈడీకి ఆ నంబర్ పెద్దదిగా ఉంటుంది. గట్టు మీద నడకకి బీమ్ వెడల్పుగా ఉండాలి, అందుకే పైన చదునుగా గొడుగులా ఉండే రకం అడగండి.

అటక మీద లైటు సంగతి

ఆ పాత స్టీలు లైటు రెండు సెల్లులదైతే బల్బు తీసి తెల్ల ఎల్ఈడీ పెడదామని చాలామందికి ఐడియా వస్తుంది. పెడితే వెలగదు, లేదా మిణుగురులా వెలుగుతుంది. రెండు సెల్లులు 3 వోల్ట్లే. ఎర్ర ఎల్ఈడీ అయితే 2 వోల్ట్లకే వెలుగుతుంది. తేడా ఎందుకంటే, రంగు మారితే కాంతి శక్తి మారుతుంది. ఎరుపుకి తక్కువ, నీలానికి ఎక్కువ. తెల్ల ఎల్ఈడీ లోపల నిజానికి ఉండేది నీలం ఎల్ఈడీయే. దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత ఉంటుంది, రెండు కలిసి కంటికి తెలుపుగా కనిపిస్తాయి. నిక్ హోలోన్యాక్ 1962లోనే ఎర్రటి ఎల్ఈడీ చేసి చూపించారు. ప్రకాశవంతమైన నీలం కోసం మాత్రం ఇంకో ముప్ఫై ఏళ్లు పట్టింది. 1993లో నిచియా అనే జపాన్ కంపెనీలో షుజీ నకమురా సాధించారు. ఆయనకూ, ఇసాము అకసాకి, హిరోషి అమానోలకూ కలిపి 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. మీ ఫోన్ ఫ్లాష్, ఇంట్లో బల్బు, ఎల్ఈడీ టీవీ వెనక వెలుతురు.. అన్నిటికీ మూలం ఆ నీలం.

మూడు సెల్లుల లైటు అయితే అదృష్టవంతులు. బల్బు హోల్డర్‌లో 68 ఓమ్ రెసిస్టర్‌తో ఎల్ఈడీ కూర్చోబెట్టండి, పాత రిఫ్లెక్టర్, పాత స్విచ్ అన్నీ పనికొస్తాయి. ఎల్ఈడీకి ప్లస్, మైనస్ ఉంటాయి కాబట్టి సెల్లులు ఎటు పెట్టాలో మూత లోపల మార్కర్‌తో రాసి పెట్టండి, ఇంట్లో వాళ్లు తికమకపడకుండా. రెండు సెల్లుల దానికి జౌల్ థీఫ్ అనే చిన్న సర్క్యూట్ ఉంది. ఒక ట్రాన్సిస్టర్, 1 కిలో ఓమ్ రెసిస్టర్, ఫెరైట్ రింగు మీద రెండు చుట్టల తీగ. రిమోట్‌లో అయిపోయిందని పారేసిన సెల్లుతో కూడా తెల్ల ఎల్ఈడీ వెలిగిస్తుంది. మొదటి లైటు చేశాక ఇది ట్రై చేయండి, మజా వస్తుంది. దీని గురించి వేరే ఆర్టికల్ రాయొచ్చు.

లిథియం జోలికి వెళ్లే ముందు

ఇప్పుడు ఉత్సాహవంతులు అడిగేది తెలుసు: 18650 సెల్, 1 వాట్ ఎల్ఈడీ. చేయొచ్చు. చచ్చిన 4 వోల్ట్ల బ్యాటరీ ఉన్న పాత ఛార్జింగ్ లైటుని బతికించడానికి ఇదే బెస్ట్ దారి అని కూడా అంటాను, ఎందుకంటే లిథియం సెల్ 3.7 వోల్ట్లు, నిండుగా 4.2. దాదాపు ఆ పాతదాని స్థానంలో సరిగ్గా సరిపోతుంది. కాకపోతే పెన్ సెల్‌తో తప్పు చేస్తే లైటు పోతుంది, లిథియంతో తప్పు చేస్తే మంట వస్తుంది. ఇక్కడ మాత్రం జుగాడ్ వద్దు బాస్.

ముందు ఆ పాత 230 వోల్ట్ల ఛార్జింగ్ భాగాన్ని పూర్తిగా తీసి పారేయండి. వైరు కట్ చేసి వదిలేస్తే సరిపోదు, పిన్నులే లేకుండా చేయండి. ఎందుకంటే మీరు ఇంట్లో లేనప్పుడు అమ్మో, తాతయ్యో అలవాటు ప్రకారం ప్లగ్‌లో గుచ్చుతారు. దాని బదులు టీపీ4056 అనే ఛార్జింగ్ బోర్డు పెట్టండి. ఇది మామూలు ఫోన్ ఛార్జర్‌తో 5 వోల్ట్లు తీసుకొని సెల్‌ని 4.2 దగ్గర ఆపుతుంది. ఇందులో రెండు రకాలున్నాయి. బ్యాటరీ ప్లస్, మైనస్ మాత్రమే ఉన్నది వద్దు. వాటితో పాటు అవుట్ ప్లస్, అవుట్ మైనస్ విడిగా ఉన్నది కొనండి. అందులో ప్రొటెక్షన్ చిప్ ఉంటుంది, సెల్ సుమారు 2.5 వోల్ట్లకు దిగగానే లైటుని కట్ చేస్తుంది, షార్ట్ అయినా ఆపుతుంది. ఈ బోర్డు 1 యాంప్ కరెంట్‌తో ఛార్జ్ చేసేలా వస్తుంది, 18650కి అది ఓకే. పాత బ్లూటూత్ హెడ్‌సెట్‌లో నుంచి పీకిన చిట్టి బ్యాటరీకి అదే బోర్డు తగిలిస్తే దాన్ని చంపినట్టే.

1 వాట్ ఎల్ఈడీకి 350 మిల్లీ యాంప్స్ దాకా పట్టుకుంటుంది. 4.2లోంచి 3.2 తీసేస్తే 1 వోల్ట్, 3.3 ఓమ్ రెసిస్టర్ వేస్తే నిండు ఛార్జ్ మీద 300 మిల్లీ యాంప్స్. రెసిస్టర్ మీదే 0.3 వాట్ ఖర్చవుతుంది కాబట్టి మామూలు పావు వాట్ రెసిస్టర్ మాడిపోతుంది, 1 వాట్‌ది అడగండి. ఎల్ఈడీని అల్యూమినియం ముక్క మీద బిగించాలి. బిగించకుండా ఒక్క నిమిషం వెలిగించి వెనక వేలు పెట్టి చూడండి, చురుక్కుమంటుంది. గేమ్ ఆడుతుంటే ఫోన్ ఎందుకు స్లో అవుతుందో, కంపెనీలు వేపర్ చాంబర్ గురించి ఎందుకంత డప్పు కొడతాయో ఆ వేలికి అర్థమవుతుంది.

సెల్ మీద నేరుగా సోల్డర్ చేయొద్దు, వేడికి లోపల దెబ్బతింటుంది. హోల్డర్ వాడండి, లేదా ముందే ట్యాబ్‌లు వెల్డ్ చేసిన సెల్ కొనండి. ఉబ్బిన సెల్, గీతలు పడ్డ సెల్, ప్లాస్టిక్ తొడుగు చిరిగిన సెల్ ఎంత చవకగా వచ్చినా వద్దు. మామూలు లిథియం సెల్లులకు ఛార్జింగ్ టైమ్‌లో హద్దు 45 డిగ్రీలు. మే నెలలో మన దగ్గర నీడలోనే ఆ దరిదాపులకు పోతుంది, కాబట్టి ఎండాకాలం ఛార్జింగ్ రాత్రి చల్లబడ్డాకే. బండి డిక్కీలో వదిలేసి మధ్యాహ్నం ఎండలో పార్క్ చేయడం అసలే వద్దు. తీసేసిన లెడ్ బ్యాటరీని చెత్తలోనో కాల్వలోనో పడేయకండి, ఆటో బ్యాటరీల షాపులో ఇచ్చేయండి. సీసం వాళ్లకి డబ్బే. 2022లో వచ్చిన బ్యాటరీ వేస్ట్ రూల్స్ ప్రకారం అది చెత్తబుట్టలో వేయకూడదు కూడా.

ఇంత చదివాక మీకో సూపర్ పవర్ వచ్చింది

ఆన్‌లైన్‌లో 18650 సెల్ మీద 9900 ఎంఏహెచ్ అని రాసి ఉంటుంది, రేటు చూస్తే వంద రూపాయలు. 18650 అంటే 18 మిల్లీమీటర్ల వెడల్పు, 65 మిల్లీమీటర్ల పొడవు. ఆ సైజులో పేరున్న కంపెనీల మంచి సెల్లులే 3500 ఎంఏహెచ్ అటూ ఇటూ దగ్గర ఉన్నాయి. 9900 అని కనిపించిందంటే ఆ షాపు పేజీ మూసేయండి. డౌట్ ఉంటే తూకం వేయండి. అసలు సెల్ 45 గ్రాముల చుట్టూ ఉంటుంది, నకిలీ చాలాసార్లు 30 గ్రాములు కూడా తూగదు. మిర్యాలగూడలో వడ్ల కాంటాలకు కొదవ లేదు కానీ ఇంత చిన్నదానికి అవి పనికిరావు, బంగారం షాపు కాంటా కావాలి. తెలిసినవాళ్లుంటే అడగండి.

అలాగే 'ఒక లక్ష ల్యూమెన్లు' అని రాసిన టార్చ్. ఒక్క వాట్‌కి 150 ల్యూమెన్లు ఇచ్చే మంచి ఎల్ఈడీ అనుకుందాం. లక్షకి 667 వాట్లు కావాలి. 3000 ఎంఏహెచ్ 18650లో ఉన్న శక్తి 11 వాట్ అవర్స్. అంటే ఆ లైటు ఒక్క నిమిషం వెలగాలి, ఆ నిమిషంలో సెల్ నుంచి 180 యాంప్స్ లాగాలి, అందులో నుంచి వచ్చే వేడికి చేతిలో బాడీ నిలవదు. వ్యవసాయ మోటర్ తీగల్లో కూడా అన్ని యాంప్స్ పోవు. ఈ లెక్క వేయడానికి మీకు రెండు నిమిషాలు పట్టింది. సెల్లర్ మాత్రం ఆ నంబర్ మీద ఐదు స్టార్లు వేయించుకుంటున్నాడు. నిజాయితీ ఉన్న టార్చ్ కంపెనీలు ఆన్సీ ఎఫ్ఎల్1 అనే ప్రమాణం ప్రకారం నంబర్లు ఇస్తాయి. అందులో రన్‌టైమ్ అంటే వెలుతురు మొదటి దాంట్లో పది శాతానికి పడేదాకా పట్టే టైమ్. అందుకే అందులో '50 గంటలు' అని ఉన్నా మొత్తం 50 గంటలూ ఫుల్ బ్రైట్‌నెస్ అని అర్థం కాదు.

ఫోన్లకి ఇదే లెక్క. 5000 ఎంఏహెచ్ అంటే 3.85 వోల్ట్ల దగ్గర 19 వాట్ అవర్స్. పవర్ బ్యాంక్ 10000 అని రాసినా ఫోన్ రెండుసార్లు ఎందుకు ఫుల్ కాదో ఇప్పుడు మీరే చెప్పగలరు. లోపలి సెల్ 3.7, బయటికి 5 వోల్ట్లు, మధ్యలో మార్పిడికి కొంత నష్టం.

ఇక విడి భాగాలు ఎక్కడ దొరుకుతాయంటారా? పెద్ద లిస్టు అయితే కోఠి గుజరాతీ గల్లీ. ప్రతి చిన్నదానికీ మూడు గంటలు బస్సెక్కడం దండగ, ముందు మీ టౌన్‌లో పాత టీవీ రిపేర్ షాపు తలుపు తట్టండి. టీవీలన్నీ ప్యానెల్ మార్చే టీవీలయ్యాక వాళ్ల డ్రాయర్లలో రెసిస్టర్లు డబ్బాలకి డబ్బాలు పడి ఉంటాయి. మోటర్ వైండింగ్ షాపులో సన్నటి రాగి తీగ ముక్క అడిగితే ఉత్తగానే ఇస్తారు, జౌల్ థీఫ్‌కి అది చాలు. సోల్డరింగ్ రాకపోతే మొబైల్ రిపేర్ అన్న దగ్గర పావుగంట నిలబడి చూడండి. సూక్ష్మమైన చిప్పులే ఎత్తి పెట్టేవాళ్లకి ఎల్ఈడీ కాలు ఒక లెక్క కాదు, అడిగితే నేర్పిస్తారు కూడా.

వీలైతే ఒక ఎర్ర లైటు కూడా చేయండి. కోతలప్పుడు మన రోడ్ల మీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతారు. అది తప్పని పోలీసులు ఏటా చెప్తూనే ఉంటారు, కల్లాలు సరిపోక జనం ఏటా పోస్తూనే ఉంటారు. రాత్రి బైక్ మీద వచ్చేవాడికి ఆ రాళ్లు దగ్గరికొచ్చేదాకా కనపడవు. తనంతట తానే మినుకుమనే ఎర్ర ఎల్ఈడీలు దొరుకుతాయి. ఒకటి తీసుకొని రెండు పెన్ సెల్లులు, 47 ఓమ్ రెసిస్టర్ కలిపి, వాటర్ బాటిల్‌లో పెట్టి మూత బిగించి కుప్ప చివర నిలబెడితే వానొచ్చినా రాత్రంతా మెరుస్తుంది. సెల్లులు వారాల పాటు వస్తాయి.

షాపుకి వెళ్లినప్పుడు రెసిస్టర్ ఒక్కటి అడగకండి, పది అడగండి. ఒక్కటి అడిగితే షాపాయన డ్రాయర్ తెరవడానికి కూడా బద్ధకిస్తాడు.